బోటెక్కే ముందు కడిపికొండను యాది చేసుకోవాలె

దసరా సెలవులు వస్తే చాలు, ఓరుగల్లు బండ్లు సగం ములుగు తొవ్వ పడుతయి. రామప్ప గుడి చూసుడు, చెరువు కట్ట మీద కూసోని సద్ది విప్పుడు, అటెన్క గోవిందరావుపేట దిక్కు మళ్లి లక్నవరం పోవుడు. వేలాడే వంతెన మీద నడిచినంక ఇగ మిగిలేది బోటే. పోరగాళ్లు స్పీడ్ బోటు అంటరు, పెద్దమనుషులు పెద్ద బోటే మంచిదంటరు. కౌంటర్ కాడ టికెట్ తీసుకుంటే చేతిల ఒక నారింజ రంగు జాకెట్ పెడుతరు. దాన్ని ఎంతమంది తొడుక్కుంటరు, తొడుక్కున్నోళ్లల్ల ఎంతమంది పట్టీలు బిగిస్తరు, ఒడ్డు దాటినంక ఫొటో మంచిగ రావాలని ఎంతమంది ఇప్పి ఒళ్లె పెట్టుకుంటరు? ఈ లెక్క ఎవ్వరూ తీయరు. ఏం కానంత సేపు తీసే అవసరమూ రాదు.

కాజీపేట పక్కన కడిపికొండ ఉన్నది. ఆ ఊరోళ్లకు ఈ లెక్క తెలుసు. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. పాపికొండలు చూద్దామని పోయిన కడిపికొండోళ్లు 14 మంది ‘రాయల్ వశిష్ఠ’ అనే ప్రైవేటు బోటెక్కిండ్రు. తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు కాడ ఆ బోటు తిరగబడ్డది. 14 మందిల అయిదుగురే బతికి ఊరికొచ్చిండ్రు. తొమ్మిది మంది రాలే. ఒక్క ఊర్లె, ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకునే వాడకట్టుల తొమ్మిది మంది.

ఆ రోజు బోటుల మొత్తం ఎంతమంది ఉన్నరనేది మొదటి రోజు సర్కారుకు గూడ తెల్వదు. మొదలు అరవై మంది దాక అన్నరు, తెల్లారి డెబ్బై దాటిందన్నరు, చివరికి 77 మంది అని తేలింది. 26 మంది పాణాలతోని బయటపడ్డరు. వాళ్లను కాపాడింది పెద్ద పెద్ద దళాలు కాదు, కచ్చులూరు గిరిజనులు. అరుపులు విని తమ చిన్న పడవలేసుకొని ఉరికొచ్చిండ్రు. మునిగిన బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న బయటికి గుంజింది. అంటే అయిదు వారాలు దాటినంక. అందాక ఆ ఇండ్లల్ల దినవారాలు చేయాల్నా, ఎదురుచూడాల్నా తెల్వని పరిస్థితి.

ఆ రోజు గోదావరిల దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద పోతున్నది. కచ్చులూరు కాడ నది కొండల నడుమ ఇరుకుగ మలుపు తిరుగుతది, సుడులుంటయి. అసొంటి నీళ్లల్ల షికారు బోటు నడవాల్నా అనేది మొదటి ప్రశ్న. దానికి జవాబు ఎవరు చెప్పాలనేది రెండో ప్రశ్న. అక్కడికొచ్చేసరికి అన్ని శాఖలు ఒకదాని దిక్కు ఒకటి చూసినయి. నీళ్లు ఒక శాఖయి, బోటు లైసెన్సు ఇంకో శాఖది, టూరిస్టులు మరో శాఖ లెక్కల్ల. మూడు శాఖల నడుమ మనిషి మునిగిండు.

ఇది అక్కడి ముచ్చట, మన చెరువులల్ల అసొంటి వరద యాడుంటది అని కొందరు అంటరు. వడోదర ముచ్చట ఇనాలె మరి. అక్కడి హర్ణి చెరువు నదిగాదు, ఊరు నడుమ ఉన్న మామూలు చెరువే. 2024 జనవరి 18న బడి పిల్లలు పిక్నిక్‌కు పోయిండ్రు. 14 మంది పట్టే బోటుల దాదాపు రెండింతల మందిని ఎక్కించిండ్రు. జాకెట్లు అందరికీ ఇయ్యలే. 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయిండ్రు. వరద లేదు, గాలివాన లేదు. మన జిల్లాల బడి బస్సులు గూడ డిసెంబర్, జనవరిల్నే లక్నవరం, పాకాల దిక్కు వరుసకడుతయి.

కేరళ తానూరుల 2023 మే 7న 22 మంది పోయింది గూడ ఇట్లనే. చేపలు పట్టే బోటును మార్చి రెండంతస్తుల షికారు బోటు చేసిండ్రు, పొద్దుమూకినంక గూడ తిప్పిండ్రు, పట్టేదానికన్న ఎక్కువ మందిని ఎక్కించిండ్రు. ఊర్లు వేరే, భాషలు వేరే, గని కారణాల పట్టీ రాస్తే ఒక్కదాన్నే మూడుసార్లు జిరాక్స్ తీసినట్టుంటది.

బోటు ఎందుకు తిరగబడుతది? చిల్లు పడితేనే మునుగుతదని చానమంది అనుకుంటరు. షికారు బోట్ల కాడ చిల్లుకన్న బరువు ఎక్కువ పాణం తీస్తది. ఎడ్లబండి యాది చేసుకోండ్రి. గడ్డి ఎంత ఎత్తు పేరిస్తే మలుపు కాడ బండి అంత ఊగుతది. బరువు కింద ఉంటే బోటు ఒరిగినా మళ్ల తనంతట తనే నిలబడుతది. బరువు మీదికెక్కిన కొద్దీ ఆ బలం తగ్గుతది. రెండంతస్తుల బోటుల జనమంత మీది అంతస్తుకెక్కి, గైడ్ “అగో ఎడమ దిక్కు చూడుండ్రి” అనంగనే అందరూ ఒక్క పక్కకు ఉరికితే ఏమైతది? పది మంది అంటే ఆరేడు వందల కిలోలు ఒక్కసారి ఒక అంచుకు పోయినట్టు. దానికి తోడు బోటు అడుగున నీళ్లు చేరి ఉంటే, ఒరిగిన దిక్కే ఆ నీళ్లు గూడ జారుతయి. ఒక హద్దు దాటినంక బోటు మళ్ల లేవదు, బోర్లా పడుతది. సరంగు అరిచి చెప్పే టైం గూడ ఉండది.

అందుకే బోటు మీద రాసి ఉండే ‘ఇంతమంది’ అనే అంకె ఊరికే రాసింది కాదు. ఆర్టీసీ బస్సుల ‘46 సీట్లు’ అని రాసి ఎనభై మందిని ఎక్కించుకున్నట్టు నీళ్ల మీద నడవది. బస్సుల ఎక్కువైతే ఊపిరాడదు, బోటుల ఎక్కువైతే ఊపిరే ఉండది. చిన్న పిల్లలను లెక్కల పట్టకుండ “ఒళ్లె కూసోబెట్టుకో అమ్మా” అనుడు గూడ తప్పే. పిల్లకు బరువుంటది, పిల్లకు జాకెట్ గూడ కావాలె.

జాకెట్ కాడ జర ఆగుదాం. మన దగ్గర దీన్ని టికెట్ తోని వచ్చే వస్తువు లెక్క చూస్తరు. పెద్దోళ్ల జాకెట్ పిల్లలకు తొడిగితే నీళ్లల్ల పడంగనే అది మీదికి లేస్తది, పిల్ల కిందికి జారుతది. పట్టీలు బిగించకుంటే పెద్దోళ్లకైనా గంతే. తొడిగినంక భుజాల కాడ పట్టుకొని మీదికి గుంజి చూడాలె. గదువ దాటి చెవుల దాక వస్తే అది మీ సైజు కాదు. ఎండకు ఎండి, వానకు తడిసి, లోపలి నురుగు నలిగి పిప్పి అయిన జాకెట్ తొడుక్కున్నా తొడుక్కోకున్నా ఒక్కటే. ఒక చెరువు కాడ నాకిచ్చిన జాకెట్‌కు మూడు పట్టీలుండాల్సిన కాడ ఒక్కటే ఉన్నది, మిగిలిన రెండింటి జాగల సుతిలి తాడు కట్టిండ్రు. ఊరి పేరెందుకు గని, తాడు మాత్రం గట్టిదే!

ఇంకో ముచ్చట గూడ చెప్పాలె. జాకెట్ ఉన్నా మూసిన గది లోపల ఉంటే కష్టమే. బోటు తిరగబడితే జాకెట్ మనిషిని మీదికి లేపుతది, గని మీద ఉన్నది బోటు అడుగు. కచ్చులూరు బోటును బయటికి తీసినప్పుడు లోపలనే శవాలు దొరికినయి. అందుకే ఏసీ గది ఉన్న పెద్ద బోటెక్కితే అద్దాలు తెరుచుకుంటయా, రెండో దర్వాజ ఉన్నదా అని చూసుకొని కూసోవాలె. పాటలు, డ్యాన్సులు ఆ తర్వాత.

పెద్ద బోటు ప్రమాదం బరువుతోని వస్తే, స్పీడ్ బోటు, జెట్ స్కీ ప్రమాదం వేగంతోని వస్తది. నీళ్ల మీద బ్రేకులుండయి. ఈ ఒక్క మాట యాదుంటే సగం అర్థమైనట్టే. గంటకు 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 11 మీటర్లు. ముందట ఏమున్నదో చూసి, అర్థం చేసుకొని, చెయ్యి కదిపేసరికి మూడు సెకన్లు పోయినా 33 మీటర్లు దాటిపోతరు. హుస్సేన్ సాగర్ల జెట్ స్కీ చూసినోళ్లకు అదొక బైకు లెక్క కొడుతది. గని బైకు కాదు. కింద నీళ్లు గుంజుకొని ఎనుకకు చిమ్మే ధార మీదనే అది నడుస్తది, ఆ ధారతోనే మలుగుతది. భయపడి రేస్ వదిలేస్తే ధార ఆగుతది, హ్యాండిల్ ఎంత తిప్పినా బండి మలగది, సీదా పోయి గుద్దుతది. కొత్తగ నడిపేటోళ్లు ఎదురుంగ ఏదైనా వస్తే మొదలు చేసే పని రేస్ వదులుడే. బైకు మీద మనకు అలవాటైన పనే నీళ్ల మీద మన మీదికి వస్తది.

దానికి ఒక చిన్న తాడు ఉంటది. ఒక కొస ఇంజిన్ స్విచ్‌కు, ఇంకో కొస నడిపేటోని మణికట్టుకు గని, జాకెట్‌కు గని కట్టుకోవాలె. మనిషి కింద పడితే తాడు ఊడి ఇంజిన్ బంద్ అయితది. లేకుంటే మనిషి లేని బోటు గుండ్రంగ తిరుగుకుంట పడ్డ మనిషి మీదికే వస్తది, కింద పంకా ఉంటది. దీని ధర వందల్ల ఉంటది, అయినా చాన జాగల ఆ తాడు ఊడదీసి స్విచ్‌కు ఒక క్లిప్పు పెట్టి ఊరుకుంటరు. స్పీడ్ బోటెక్కినంక డ్రైవర్ చేతికి తాడున్నదా అని చూసుడు మన హక్కే.

2024 డిసెంబర్ 18న ముంబైల ఏమైందో టీవీలల్ల చూసిందే. ఇంజిన్ పరీక్షల కోసం తిప్పుతున్న నేవీ స్పీడ్ బోటు అదుపు తప్పి, గేట్‌వే నుంచి ఎలిఫెంటా పోతున్న ‘నీల్ కమల్’ అనే జనం బోటును గుద్దింది. పది మందికి పైగ పోయిండ్రు. శిక్షణ పొందిన నేవీ వాళ్ల చేతులనే తప్పిపోయిందంటే, పొద్దున పని నేర్చుకొని పొద్దుమీకి స్టీరింగ్ పట్టే పిలగాని సంగతి ఏం చెప్పాలె? వేగంగ తిరిగే బోట్లకు, నెమ్మదిగ పోయే బోట్లకు నీళ్లల్ల వేరు వేరు జాగలుండాలె. నడుమ రంగు బుంగలు కట్టి హద్దు చూపియ్యాలె. రోడ్డు మీద ఎడమ పక్క పోతం గని నీళ్ల మీద ఎదురెదురు వస్తే ఇద్దరూ కుడికి మలగాలె, ఇది దునియా అంతట ఉన్న రూలే. మన చెరువులల్ల బోటు తిప్పేటోళ్లల్ల ఎందరికి ఇది నేర్పిండ్రు?

మన చెరువుల సంగతి గూడ వేరే ఉన్నది. లక్నవరం, రామప్ప, పాకాల కాకతీయుల కాలంల ఎవుసం కోసం కట్టినయి. షికారు కోసం కట్టినయి కావు. అంటే నీళ్లు ఒక్క మట్టం మీద ఉండయి. వానకాలం నిండి మత్తడి దుంకుతది, ఎండకాలం తూము ద్వారా నీళ్లు దిగి అడుగున బండలు, మోడులు తేలుతయి. నిండా ఉన్నప్పుడు సాఫ్‌గ పోయిన తొవ్వలనే, రెండు నెలలైనంక పంకా బండకు తగులుతది. మత్తడి దుంకేటప్పుడు దాని దగ్గర ఎంత గుంజుడు ఉంటదో కట్ట మీద పెరిగినోళ్లకు చెప్పాల్సిన పని లేదు. అక్కడ ఇంజిన్ ఆగిపోతే తెడ్డు ఒక్కటే దిక్కు. తెడ్డు బోటుల ఉన్నదా? లంగరు తాడు ఉన్నదా? ఇంజిన్ బోటే గదా అని అవి రెండూ ఒడ్డునే పెట్టి పోతరు.

మత్స్యకారుల మాట ఎవ్వరూ అడుగరు. ముదిరాజులు, గంగపుత్రులు తెప్పలేసుకొని, థర్మాకోల్ బల్లల మీద కూసోని వలలేస్తరు. స్పీడ్ బోటు పక్క నుంచి పోతే లేచే అలకు ఆ బల్ల బోల్తా పడుతది. వల పంకాకు చుట్టుకుంటే వల పాయె, బోటు ఆగె. ఆ చెరువు మీద వాళ్ల బతుకు టూరిజం రాకముందు నుంచి ఉన్నది. హద్దులు గీసేటప్పుడు మొదలు కూసోబెట్టి మాట్లాడాల్సింది సొసైటీ వాళ్లతోని. ఏ మూల ఎంత లోతు, ఏ బండ యాడ ఉన్నది, ఏ నెల గాలి ఏ దిక్కు నుంచి వస్తది అనేది వాళ్లకన్న తెలిసిన ఇంజినీరు లేడు. కచ్చులూరుల కాపాడింది గూడ అసొంటి పడవలే గదా.

ఇగ చట్టం. లేదని కాదు, ఉన్నది. బ్రిటిషోళ్ల కాలం 1917 చట్టం పక్కకు పెట్టి పార్లమెంటు 2021ల కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం తెచ్చింది, 2022 జూన్ నుంచి అమలుల ఉన్నది. నదులు, కాలువలే కాదు, చెరువులు గూడ దాని కిందికి వస్తయి. ఇంజిన్ తోని నడిచే బోటుకు సర్వే కావాలె, అంటే బోటు గట్టిగ ఉన్నదా, ఎంతమందిని మోస్తది, మంటలార్పే సామాన్లు, పాణాలు కాపాడే సామాన్లు ఉన్నయా అని తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇయ్యాలె. రిజిస్ట్రేషన్ కావాలె, ఆ నంబర్ బోటు మీద కనబడాలె. నడిపేటోనికి సర్టిఫికెట్ ఉండాలె. ఇన్సూరెన్స్ ఉండాలె. అల ఎంత ఎత్తు లేస్తదనే లెక్కన నీళ్లను మూడు జోన్లుగ విడదీసిండ్రు, 0.6 మీటర్ల దాక, 1.2 మీటర్ల దాక, 2 మీటర్ల దాక. ఒక జోన్‌కు సరిపోయే బోటు ఇంకో జోన్‌కు సరిపోదు. ప్రమాదమైతే రిపోర్టు చేయాలె, విచారణ జరపాలె. చెప్పు, పుట్టి, తెడ్డు పడవ అసొంటి ఇంజిన్ లేనివాటి పని స్థానిక సంస్థలకు అప్పజెప్పింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ గూడ 2017లనే బోటు భద్రత మీద మార్గదర్శకాలు ఇచ్చింది.

బైకుకు నంబర్ ప్లేట్ లేకుంటే హన్మకొండ చౌరస్తాల ఫొటో కొట్టి చలాన్ పంపుతరు. బోటుకు నంబర్ లేకుంటే పంపేదెవరు? అసలు తిరకాసంత ఇక్కడనే ఉన్నది. చట్టం ‘రాష్ట్రం ఒక అధికారిని పెట్టుకోవాలె’ అంటది. సముద్రం ఉన్న రాష్ట్రాలకు ఓడరేవుల శాఖలున్నయి, బోటు తెలిసిన సర్వేయర్లు ఉన్నరు. మనకు సముద్రం లేదు. చెరువు ఇరిగేషన్ వాళ్లది, పాకాల అసొంటి కాడ చుట్టూ అడవి ఫారెస్టు వాళ్లది, బోటు టూరిజం కార్పొరేషన్‌దో కాంట్రాక్టర్‌దో, మునిగితే వచ్చేది పోలీసులు, ఫైర్ వాళ్లు. ఇంతమంది ఉన్న కాడ జవాబు చెప్పే ఒక్కరి పేరు, ఫోన్ నంబర్ బోటింగ్ కౌంటర్ కాడ రాసి ఉండాలె. దాని పక్కనే బోటు నంబర్, ఎంతమంది ఎక్కొచ్చు, సర్వే ఎప్పుడైంది, మళ్ల ఎప్పుడు కావాలె, నడిపేటోని సర్టిఫికెట్. రేషన్ షాపు ముందట స్టాక్ బోర్డు పెట్టినట్టు. దీనికి కోట్లు అవసరం లేదు, ఒక పెయింటర్ చాలు.

ఎక్కినోళ్ల పేర్లు రాసుకునే రిజిస్టర్ గూడ గంతే ముఖ్యం. పేరు, ఊరు, ఇంటోళ్ల ఫోన్ నంబర్. ఒక కాపీ ఒడ్డు మీద ఉండాలె, బోటుల పెట్టుకొని పోతే బోటు తోనే మునుగుతది. కచ్చులూరు కాడ లెక్క రోజుకొక తీరు మారింది దేనికంటే ఇదొక్కటి సరిగ లేకనే.

నీళ్లల్ల ఎవరన్న పడితే ఏం చేయాలె? మునిగేటోడు సినిమాలల్ల లెక్క “కాపాడుండ్రి” అని అరవడు. నోరు నీళ్లకింద ఉంటది, చేతులు నీళ్లను ఒత్తుతుంటయి, సప్పుడు లేకుండ పోతడు. పక్కనే ఉన్నోళ్లకు గూడ ఆడుకుంటున్నట్టే కొడుతది. చూసినోడు వెంటనే దుంకొద్దు. ఈత వచ్చినా సరే, మునిగేటోడు మెడ పట్టుకుంటే ఇద్దరూ పోతరు. ఒకరి కోసం ఇంకొకరు దుంకి ఇంటిల్లిపాది పోయిన వార్తలు మన చెరువుల కాడ ఏటా చదువుతనే ఉన్నం. తాడు ఇసరాలె, చీర కొంగు ఇసరాలె, కట్టె చాపాలె, ఖాళీ డబ్బా ఇసరాలె. బయటికి తీసినంక కడుపు మీద ఒత్తుడు, తలకిందులు చేసి గిర్రున తిప్పుడు వద్దు. లోపలి నీళ్లు కక్కిస్తున్నమనుకుంటరు గని, ఉన్న కాసింత టైం పోతది, కడుపులది గొంతుకడ్డం పడుతది. ఊపిరి లేకుంటే ముక్కు మూసి నోట్ల నోరు పెట్టి ఊపిరి ఊదాలె, అటెన్క ఛాతి నడుమ 30 సార్లు గట్టిగ ఒత్తి మళ్ల రెండుసార్లు ఊదాలె, 108 వచ్చేదాక ఆపొద్దు. ఊపిరి లేకుండ నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినుడు మొదలైతది. లక్నవరం నుంచి ములుగు దవాఖానకు నాలుగైదు నిమిషాల్ల ఎవ్వరూ చేరలేరు. అంటే ఈ పని వచ్చిన మనిషి ఒడ్డు మీదనే ఉండాలె. బోటు నడిపే పిలగాండ్లకు, టికెట్ కౌంటర్ల కూసునేటోళ్లకు, చాయ్ డబ్బా నడిపేటోళ్లకు గూడ నేర్పొచ్చు, ఒక్క పూట పని.

మందు తాగి బోటెక్కుడు గురించి వేరే చెప్పాల్నా? తాగినోనికి నీళ్ల మీద ఎండ, ఊపు, ఇంజిన్ మోత కలిసి ఇంకింత ఎక్కుతది. ఎక్కించేటోడే ఆపాలె. ఆపితే లొల్లి చేస్తరని కౌంటర్ పిలగాండ్లు భయపడుతరు, అందుకే రద్దీ రోజుల్ల అక్కడ ఒక పోలీసు కావాలె.

మన పట్టణంల ఇప్పుడు అసలు ముచ్చట భద్రకాళి చెరువు. 2024 చివర్ల నీళ్లు తీసి పూడిక తీసే పని మొదలువెట్టిండ్రు. కట్ట సోకు చేసిన చెరువుల బోట్లు దించాలనే ఆలోచన ఇయ్యాల కాకపోతే రేపు రాకుండ ఉండది, మస్తుమంది వస్తరు గూడ. బోట్లు వద్దనుడు నా మాట కాదు. టెండర్ కాయితం రాసేటప్పుడే కొన్ని మాటలు అండ్ల ఉండాలె. నీళ్లు పాడుగాకుండ పెట్రోల్ ఇంజిన్ల జాగల బ్యాటరీ బోట్లు, చిన్న చెరువుల స్పీడ్ బోటు, జెట్ స్కీ లేకుండుడు, పొద్దుమూకితే బంద్, గాలిదుమారం హెచ్చరిక వస్తే బంద్, బతుకమ్మ నిమజ్జనం రోజుల్ల బంద్. పిల్లల సైజు జాకెట్లు వేరే లెక్క, కాపాడే బోటు ఒకటి ఇంజిన్ వేసి ఎప్పుడూ తయారుగ. పటాకులు బోటు మీదికి రావొద్దని గూడ రాయాలె, 2025 జనవరి 26న హుస్సేన్ సాగర్ల పటాకులున్న బోటు అంటుకున్నది మరువలే గదా. తనిఖీ ఎవరు చేస్తరో, ఎన్ని దినాలకోసారి చేస్తరో, చేయకుంటే కాంట్రాక్టర్‌కు ఎంత జరిమానానో ఆ కాయితం మీదనే ఉండాలె.

అందాక లక్నవరం పోయేటోళ్లు కౌంటర్ కాడ నాలుగు మాటలు అడుగుండ్రి. ఈ బోటు ఎంతమందికి? సర్వే ఎప్పుడైంది? పిల్లకు సరిపోయే జాకెట్ ఉన్నదా? నడిపేటాయనకు సర్టిఫికెట్ ఉన్నదా? ఎనుక లైన్ల నిలబడ్డోళ్లు ‘జల్ది కానియ్ అన్నా’ అంటరు, అననియ్యండ్రి. జవాబు రాకుంటే టికెట్ పైసలు వాపసు తీసుకొని వంతెన మీద ఇంకోసారి నడిచి రాండ్రి, అక్కడి నుంచి గూడ చెరువు మంచిగనే కనబడుతది.